టైరు దీపం ఆర్పే ముందు

కారు స్టార్ట్ చేయగానే మీటర్ల మధ్య పసుపురంగు గుర్తు ఒకటి వెలుగుతుంది. గుర్రపు నాడా ఆకారం, అడుగున పళ్ళు పళ్ళుగా గీతలు, నడుమ ఒక ఆశ్చర్యార్థకం. టైరును నిలువునా కోస్తే కనబడే రూపం అది. తాళం తిప్పినప్పుడు రెండు మూడు సెకన్లు వెలిగి ఆరిపోతే చింత లేదు, బల్బు పనిచేస్తోందని కారు తనను తాను చూసుకోవడమే అది. ఆరకుండా నిలిచిపోతేనే మీరు పట్టించుకోవాలి.

అప్పుడు ఎక్కువమంది అడిగేది ఒకటే: "దీన్ని రీసెట్ చేయడం ఎలా?" బటన్ ఎక్కడుంది, ఎంతసేపు నొక్కాలి, మెనూలో ఎక్కడికెళ్ళాలి. ఆ జవాబు ఈ అధ్యాయంలో ఉంది. కానీ దానికన్నా ముందు అడగాల్సింది ఇంకొకటుంది: ఏ టైరులో, ఎంత గాలి తగ్గింది? ఈ వరస తప్పితే దీపం ఆరిపోయినా ప్రమాదం మీతోనే ప్రయాణిస్తుంది. కొన్ని కార్లలో అయితే మీరు నొక్కిన ఆ బటనే ఆ ప్రమాదాన్ని దాచిపెడుతుంది. ఎలాగో కాసేపట్లో చెబుతాను.

ముందు దీపం తీరు గమనించండి. వెలిగి అలాగే నిలకడగా ఉంటే గాలి తగ్గిందని. స్టార్ట్ చేశాక నిమిషం, నిమిషంన్నర పాటు మిణుకుమిణుకుమని ఆ తర్వాత నిలకడగా వెలిగితే, గాలిని కనిపెట్టే ఏర్పాటుకే ఏదో అయిందని. ఈ రెండో సందర్భంలో ఎంత గాలి కొట్టించినా దీపం ఆరదు. చాలామంది ఈ తేడా తెలియక బంకుల చుట్టూ తిరుగుతారు.

రోడ్డు మీద వేగంగా వెళ్తుండగా వెలిగిందా, గట్టిగా బ్రేకు వేయకండి. స్టీరింగ్ రెండు చేతులా పట్టుకోండి, యాక్సిలరేటర్ మీద కాలు మెల్లగా తీయండి, ఇండికేటర్ వేసి ఎడమకు రండి. బండి ఒక పక్కకు లాగుతోందంటే, వెనకాల ఊగుతున్నట్టుందంటే అది కొద్దిపాటి గాలి సంగతి కాదు, పంక్చరే. వీలైనంత త్వరగా ఆపాలి. హైవే అంచున ఆగితే హజార్డ్ లైట్లు వేసి, పిల్లల్ని ట్రాఫిక్ లేని ఎడమ పక్క నుంచి దించండి. ట్రాఫిక్ వైపున్న టైరు దగ్గర ఎవరూ కూర్చోవద్దు.

ఈ దీపం ఎందుకొచ్చింది

ఈ దీపం వెనక చాలామంది ప్రాణాలున్నాయి. అమెరికాలో 1990ల్లో ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ బండ్లకు వేసిన ఫైర్‌స్టోన్ టైర్లు పరుగులో పొరలు ఊడిపోయి, బండ్లు పల్టీలు కొట్టేవి. ఫ్లోరిడా, టెక్సస్, అరిజోనా లాంటి వేడి రాష్ట్రాల్లోనే ఎక్కువగా. 2000 ఆగస్టులో సుమారు 65 లక్షల టైర్లను వెనక్కి పిలిచారు. ఆ ప్రమాదాల్లో 271 మంది చనిపోయినట్టు అక్కడి రోడ్డు భద్రతా సంస్థ లెక్క కట్టింది. టైరు తయారీలో లోపం ఎంత, బండి తయారీలో ఎంత అన్న వాదన ఏళ్ళ తరబడి సాగింది. ఆ వాదనలో పదే పదే వచ్చిన అంకె 26. ఆ బండికి ఫోర్డ్ చెప్పిన గాలి 26 పీఎస్‌ఐ (టైరులో గాలి ఒత్తిడి కొలత). అంత తక్కువ గాలితో మొదలైన టైరు ఇంకో నాలుగైదు కోల్పోతే ఎండలో, బరువుతో, వేగంతో ఏమవుతుందో అప్పుడు తెలిసింది.

గాలి తగ్గిన టైరు చక్రం తిరిగిన ప్రతిసారీ పక్కగోడల దగ్గర వంగి, లేస్తుంది. ఆ వంపులోంచి వేడి పుడుతుంది. వేడికి రబ్బరుకూ లోపలి తీగలకూ మధ్య పట్టు సడలుతుంది. మే నెలలో మన హైవేల మీద టైర్లు పేలే ప్రమాదాలకు ఎండ ఒక్కటే కారణమనుకుంటాం. ఎండ తోడవుతుంది, నిజమే. తగ్గిన గాలి ఆ టైరును అంతకుముందే లోపల ఉడికిస్తూ ఉంటుంది.

ఆ టైర్లు వెనక్కి పిలిచిన ఏడాదే, 2000 నవంబరులో, అమెరికా చట్టం చేసింది. 2007 సెప్టెంబరు నుంచి అక్కడ అమ్మే ప్రతి కొత్త కారులో ఈ హెచ్చరిక ఉండి తీరాలి. యూరప్‌లో 2014 నవంబరు నుంచి అన్ని కొత్త కార్లకూ తప్పనిసరి చేశారు. మన దేశంలో 2020 జులైలో రవాణా శాఖ నిబంధనలు మార్చింది: ట్యూబ్‌లెస్ టైర్లు, పంక్చర్ కిట్, ఈ హెచ్చరిక ఏర్పాటు మూడూ ఉన్న చిన్న వాహనాలకు స్టెప్నీ లేకపోయినా ఫర్వాలేదు అని. కాబట్టి డిక్కీలో స్టెప్నీ లేని కారు మీదైతే, ఆ స్టెప్నీకి బదులుగా మీకిచ్చింది ఈ దీపాన్నే.

అమెరికా నియమంలో ఒక అంకె గుర్తుపెట్టుకోండి: ఉండాల్సిన గాలిలో 25 శాతం తగ్గితే దీపం వెలగాలి. మీ కారుకు 32 చెప్పారనుకోండి, 25 శాతం అంటే 8. అంటే 24కు పడిపోయాక వెలిగినా నియమం ప్రకారం సరిపోయినట్టే. 27 దగ్గరున్న టైరుకు దీపం వెలగకపోవచ్చు. కొన్ని కార్లు ఇంకా ముందే చెబుతాయి గానీ, దాన్ని నమ్ముకుని కూర్చోకూడదు. దీపం వెలగలేదు కదా అని గాలి సరిగ్గా ఉందనుకోవడం పొరపాటు. వెలిగిందంటే, అప్పటికప్పుడు పంక్చర్ అయితే తప్ప, ఆ టైరు చాలా రోజులుగా తక్కువ గాలితో తిరుగుతూ ఉండవచ్చు.

ముందు గాలి, తర్వాతే బటన్

డ్రైవర్ తలుపు తీయండి. సీటు పక్కన తలుపు మూసుకునే స్తంభం మీద ఒక స్టిక్కర్ ఉంటుంది. ముందు టైర్లకెంత, వెనక టైర్లకెంత అని అక్కడ రాసి ఉంటుంది. చాలా స్టిక్కర్లలో ఇద్దరు ముగ్గురు కూర్చుంటే ఒక అంకె, నిండా మనుషులూ సామానూ ఉంటే ఇంకో అంకె. ఐదుగురూ ఎక్కి, డిక్కీ నింపుకుని తిరుపతి బయల్దేరేవాళ్ళు చూడాల్సింది రెండో అంకె. టైరు పక్కగోడ మీద 44 అనో 51 అనో అచ్చు వేసి ఉన్నది ఆ టైరు తట్టుకోగల గరిష్ఠం, మీరు కొట్టించాల్సింది కాదు. కొన్ని స్టిక్కర్ల మీద కిలోపాస్కల్స్‌లోనో బార్లలోనో ఉంటుంది. 230 కిలోపాస్కల్స్ అన్నా, 2.3 బార్లు అన్నా దాదాపు 33 పీఎస్‌ఐ.

స్టిక్కర్ మీది అంకె చల్లని టైరుకు చెప్పింది. చల్లని టైరు అంటే కనీసం మూడు గంటలు కదలకుండా నిలిపి ఉన్నది, లేదా మైలుకు, అంటే 1.6 కిలోమీటర్లకు మించి నడవనిది. ఈ ఒక్క మాట మన దగ్గర ఎవరూ పాటించరు, అందుకే దీని దగ్గర కాసేపు ఆగుతాను.

పొద్దున హైదరాబాదులో 33తో బయల్దేరిన బండి మధ్యాహ్నం సూర్యాపేట దాటాక బంకులో ఆగిందనుకుందాం. టైరు ముట్టుకుంటే వేడిగా తగులుతుంది. గాలి కుర్రాడు గొట్టం పట్టుకుని వస్తాడు. "ఎంత కొట్టాలె అన్నా?" "ముప్పై మూడు చూడు తమ్ముడూ." మీటరు 37 చూపిస్తుంది. వెంటనే వాల్వ్ పిన్ను నొక్కుతాడు, సుయ్యిమని గాలి బయటికి పోతుంది, 33 రాగానే మూత బిగించి తర్వాతి టైరుకు వెళ్తాడు. అతను మీరు చెప్పినట్టే చేశాడు. కానీ మర్నాడు పొద్దున విజయవాడలో బండి చల్లారాక అదే టైరులో 29 ఉంటుంది. వేడికి పెరిగిన గాలిని అదనపు గాలి అనుకుని తీసేయడమే జరిగింది. వేడి టైరులోంచి గాలి ఎప్పుడూ తీయించకండి. దారిలో కొట్టించక తప్పకపోతే స్టిక్కర్ అంకె కన్నా మూడు నాలుగు ఎక్కువ ఉంచమనండి, మర్నాడు పొద్దున్నే చల్లని టైరుకు సరిచూసుకోండి.

ఉష్ణోగ్రత ఐదారు డిగ్రీల సెల్సియస్ తగ్గితే టైరులో సుమారు ఒక పీఎస్‌ఐ తగ్గుతుంది. అమెరికాలో ఉన్న మనవాళ్ళకు ఈ లెక్క బాగా పనికొస్తుంది. సెప్టెంబరులో 25 డిగ్రీల దగ్గర 33 కొట్టించిన బండి షికాగోలోనో డెట్రాయిట్‌లోనో మైనస్ 5 డిగ్రీల ఉదయానికి ఐదారు కోల్పోతుంది. ఏ లోపమూ లేని టైరు కూడా నెలకు ఒకటి రెండు పీఎస్‌ఐ మెల్లగా వదులుతూనే ఉంటుంది. రెండూ కలిస్తే మొదటి చలి ఉదయాన దీపం వెలగడంలో వింతేమీ లేదు. ఆఫీసుకు వెళ్ళేలోపు టైర్లు వేడెక్కి దీపం దానంతటదే ఆరిపోతుంది కూడా. ఆరిందని వదిలేయకండి. సాయంత్రానికి గాలి పట్టించాల్సిందే. కాలిఫోర్నియాలో పెట్రోలు పోయించుకున్నవాళ్ళకు గాలి ఉచితంగా ఇవ్వాలని చట్టమే ఉంది, బంకు లోపల అడిగితే మిషను ఆన్ చేస్తారు.

కొలిచేటప్పుడు నాలుగు అంకెలూ పక్కపక్కన పెట్టి చూడండి. నాలుగూ ఇంచుమించు ఒకేలా తగ్గి ఉంటే అది కాలం, చలి చేసిన పని. ఒక్కటే తగ్గి ఉంటే అందులో మేకో, వాల్వ్ లీకో ఉంది. పంక్చర్ షాపులో పాతకాలపు మనిషి గాలి కొట్టగానే వేలు తడి చేసి వాల్వ్ నోటి మీద పెట్టడం చూసే ఉంటారు. చిన్న బుడగ లేచి పగిలిందంటే పిన్ను మార్చాలి. ఐదు సెకన్ల పని, ఎన్నో లీకుల్ని అక్కడికక్కడే పట్టిస్తుంది. మీరు సబ్బునీళ్ళతో ఇంట్లోనే చేసుకోవచ్చు.

బంకు మీటరు మీద ఆధారపడకుండా సొంత గేజ్ ఒకటి కొనుక్కోండి. పెన్నులాంటిదైనా సరే, డిజిటల్‌దైనా సరే. సిగరెట్ లైటర్ సాకెట్‌కు తగిలించే చిన్న పంపు ఉంటే ఇంకా మంచిది, చల్లని టైరుకు ఇంటి ముందే గాలి పట్టుకోవచ్చు. నైట్రోజన్ దొరకలేదని తగ్గిన గాలితో తిరిగేవాళ్ళున్నారు. అది అనవసరపు పట్టింపు. మనం పీల్చే గాలిలోనే 78 శాతం నైట్రోజన్. నైట్రోజన్ ఉన్న టైరులో మామూలు గాలి కలిపితే ఏమీ కాదు, చలికి అదీ తగ్గుతుంది.

ఇప్పుడు రీసెట్

మీ కారులో ఏ రకం ఏర్పాటు ఉందో తెలిస్తే సగం పని అయిపోయినట్టే. ఒకటి నేరుగా కొలిచేది. ప్రతి చక్రంలో, వాల్వ్ వెనక, రిమ్ లోపల చిన్న సెన్సార్ ఉండి గాలి ఎంతుందో రేడియోలో పంపుతుంది. తెర మీద ఏ చక్రంలో ఎంతో విడివిడిగా అంకెలు కనబడితే అది ఈ రకమే. హ్యుందాయ్, కియా వాళ్ళు హైలైన్ టీపీఎంఎస్ (టీపీఎంఎస్ అంటే టైరు గాలిని కనిపెట్టే ఏర్పాటు) అని చెప్పేది దీన్నే. రెండోది గాలిని కొలవదు, ఊహిస్తుంది. గాలి తగ్గిన చక్రం కాస్త చిన్నదవుతుంది, అదే దూరానికి మిగతావాటి కన్నా ఎక్కువ చుట్లు తిరుగుతుంది. ఏబీఎస్ బ్రేకుల కోసం ఎలాగూ ఉన్న వేగపు సెన్సార్లతో ఆ తేడాను పట్టుకుంటుంది. ఇందులో మామూలుగా అంకెలు రావు, దీపం మాత్రమే.

నేరుగా కొలిచే రకంలో గాలి సరిచేశాక చాలా కార్లకు మీరు నొక్కాల్సిందేమీ ఉండదు. నిలిపి ఉంచిన బండిలో సెన్సార్లు బ్యాటరీ పొదుపు కోసం నిద్రలో ఉంటాయి, చక్రం తిరిగితేనే లేస్తాయి. అందుకే బంకులో గాలి కొట్టించి, దీపం ఇంకా ఆరలేదేమని అక్కడే నిలబడి చూడడం వృథా. గంటకు పాతిక కిలోమీటర్లు దాటిన వేగంతో పది ఇరవై నిమిషాలు నడపండి, ఆరిపోతుంది. సెన్సార్లుండి కూడా సెట్ బటన్ ఇచ్చిన కార్లున్నాయి. టయోటా బండ్లలో చాలావాటికి స్టీరింగ్ కింద ఉంటుంది. బండి కదలకుండా, ఇంజన్ స్విచ్ ఆన్‌లో ఉంచి, దీపం మెల్లగా మూడుసార్లు మిణికేదాకా నొక్కి పట్టుకోవాలి.

ఊహించే రకంలో మాత్రం రీసెట్ మీ చేతుల్లోనే ఉంది. సెట్ బటన్ ఉన్న హ్యుందాయ్, కియా కార్లలో మూడు సెకన్ల పాటు నొక్కాలి. ఫోక్స్‌వ్యాగన్, స్కోడాల్లో తెర మీద వాహనం సెట్టింగుల్లోకి వెళ్ళి టైర్ల దగ్గర సెట్ నొక్కాలి. హోండాలో దాన్ని కాలిబ్రేషన్ అంటారు. మెనూలో మొదలుపెట్టాక 50 నుంచి 100 కిలోమీటర్ల మధ్య వేగంతో అన్నీ కలిపి అరగంట నడిస్తేనే పూర్తవుతుంది, ఒకేసారి అక్కర్లేదు. మీ మోడల్‌కు కచ్చితమైన వరస కారుతో ఇచ్చిన మాన్యువల్‌లో ఉంటుంది, వెనక పేజీల్లో విషయసూచికలో టైర్ అని వెతకండి.

మొదట్లో చెబుతానన్నది ఇక్కడే. ఊహించే రకంలో రీసెట్ నొక్కడం అంటే, "ఇప్పుడున్న గాలే సరైనది, దీన్నే కొలతగా పెట్టుకో" అని కారుకు చెప్పడం. టైరులో 25 ఉండగా నొక్కితే కారు 25నే సరైనదనుకుంటుంది. ఆ తర్వాత ఇంకా బాగా తగ్గితే తప్ప నోరు విప్పదు. పాసంగం ఉన్న తక్కెడను సరిచూడకుండా దాంతోనే తూకం మొదలుపెట్టడం లాంటిది ఇది. ఆ తర్వాత తూచిన ప్రతిదీ తప్పే, తప్పని కనబడదు కూడా. అందుకే ఈ రకం కార్లలో నాలుగు టైర్లూ గేజ్‌తో చూసి, స్టిక్కర్ అంకెకు తెచ్చాకే బటన్ మీద వేలు పెట్టండి. అన్నీ సరిగ్గా ఉన్నప్పుడు నొక్కడం మాత్రం మరిచిపోకండి: గాలి సరిచేసినా, టైర్లు మార్చినా, ముందువి వెనక్కి వేయించినా నొక్కాలి. స్టెప్నీ తగిలించి ఉన్నప్పుడు నొక్కవద్దు.

బ్యాటరీ తీగ విప్పి పెట్టమని, ఫ్యూజ్ పీకమని సలహా ఇచ్చేవాళ్ళు తగులుతారు. వినకండి. టైరులో లేని గాలి దానివల్ల రాదు. పైగా ఆ ఫ్యూజ్ మీద ఇంకేవేవి ఆధారపడి ఉన్నాయో మనకు తెలియదు. ఇంకొందరు దీపం కనబడకుండా టేపు అంటిస్తారు. కుటుంబాన్ని ఎక్కించుకునే బండిలో ఆ పని చేయవద్దని చేతులు పట్టుకుని అడుగుతున్నాను.

అయినా ఆరకపోతే

గాలి సరిగ్గానే ఉంది, నడిపారు, నొక్కారు, అయినా వెలుగుతోంది. ముందు వేరే గేజ్‌తో ఇంకోసారి చూడండి. తర్వాత స్టెప్నీ చూడండి, కొన్ని కార్లలో దానికీ సెన్సార్ ఉంటుంది. డిక్కీ అడుగున ఏళ్ళుగా ఎవరూ పలకరించని టైరు అదే. సన్నగా ఉండే తాత్కాలిక స్టెప్నీ అయితే దాదాపు 60 పీఎస్‌ఐ ఉండాలి, 33 సరిపోదు.

మిణుకుమని వెలుగుతుంటే సెన్సార్ పోయి ఉండవచ్చు. వాటి బ్యాటరీ ఐదు నుంచి పదేళ్ళ దాకా వస్తుంది. లోపల ఒక పదార్థం పోసి మూసేస్తారు కాబట్టి బ్యాటరీ ఒక్కటే మార్చడం కుదరదు, సెన్సారే మార్చాలి. పాతబడ్డ కారులో ఒకటి పోతే మిగిలిన మూడూ దాని వెనకే ఉంటాయి. టైర్లు మార్పించే రోజునే అవీ మార్పిస్తే టైరు విప్పే కూలి కలిసొస్తుంది. ఆన్‌లైన్‌లో కొనేవాళ్ళు ఒకటి చూసుకోవాలి: అమెరికా కార్ల సెన్సార్లు ఎక్కువగా 315 మెగాహెర్ట్జ్ మీద, యూరప్‌లోనూ మన దగ్గరా 433 మీద పనిచేస్తాయి. అక్కడి నుంచి వచ్చే చుట్టాలతో తెప్పించుకున్నవి మన కారుతో మాట్లాడకపోవచ్చు.

సెన్సార్లు పోయేది బ్యాటరీ వల్లే కాదు, పంక్చర్ షాపులో విరిగిపోవడం వల్ల కూడా. రిమ్ నుంచి టైరు విడదీసే ఇనుప బార్ వాల్వ్ దగ్గర దిగితే అక్కడికి అయిపోయినట్టే. బండి దిగగానే చెప్పండి: "అన్నా, లోపల సెన్సార్ ఉంది, వాల్వ్ పక్కన బార్ పెట్టకు." పంక్చర్ కిట్‌లోని ద్రవం పోసి ఉంటే అదీ చెప్పండి, అది సెన్సార్ రంధ్రాన్ని మూసేయగలదు. వాల్వ్ మూతలు ప్లాస్టిక్‌వే ఉంచండి. తళతళలాడే లోహపు మూతలు వాల్వ్‌కు తుప్పుతో అతుక్కుపోయి, విప్పబోతే వాల్వ్‌ను విరుచుకుని వస్తాయి.

నెలకోసారి, పొద్దున్నే బండి తీయకముందు, నాలుగు టైర్లకు గేజ్ పెట్టి చూసే ఇంట్లో ఈ దీపం అరుదుగా వెలుగుతుంది. వెలిగినా భయం ఉండదు, ఎందుకంటే పోయిన నెల అంకెలు చేతిలో ఉంటాయి. అందుకే ఈ పుస్తకం పక్కన పెట్టి ఇవాళే ఒక్క పని చేయండి. కారు దగ్గరకు వెళ్ళి, డ్రైవర్ తలుపు తీసి, ఆ స్టిక్కర్‌ను ఫోన్‌లో ఫొటో తీసుకోండి. రేపు పొద్దున, దీపం వెలిగినా వెలగకపోయినా, నాలుగు టైర్లూ కొలవండి. స్టెప్నీతో కలిపి ఐదు.